ముద్దుకు ముందు మూడు వందల పేజీలు

ఫెయిరీలనే మాయాజాతివాళ్ల ప్రేమకథ ఎలా ముగుస్తుందో చదివేవాళ్లకు ముందే తెలుసు. అట్ట మీద కిరీటం, ముళ్ల తీగ, బాకు కనబడగానే సగం తెలుస్తుంది. మొదటి అధ్యాయంలో నాయిక పోకూడని అడవిలో అడుగు పెట్టగానే మిగతా సగం తెలిసిపోతుంది. ఆ అడవిని ఏలే పొగరుబోతు రాజు, వందల ఏళ్ల వయసున్నా పాతికేళ్లవాడిలా కనబడేవాడు, అతనే ఆమెకు జోడీ. ఇంత తెలిసీ ఐదు వందల పేజీల పుస్తకాన్ని తెల్లారేదాకా చదివేవాళ్లు ఉన్నారు. చదవడం అయ్యాక వెనక్కి తిప్పి మళ్లీ చదువుకునేది కూడా చాలాసార్లు మొదటి ముద్దు ఉన్న పేజీని కాదు, దానికి ముందు అధ్యాయాన్ని. ఇప్పుడు రొమాన్స్, ఫాంటసీ కలిపి రొమాంటసీ అనే పేరుతో చలామణి అవుతున్న ఈ తరహా కథల బలం ఎక్కడుందో ఆ అలవాటే చెబుతుంది.

ముగింపు తెలిస్తే ఉత్కంఠ చచ్చిపోతుందని సాధారణంగా అనుకుంటాం. 2011లో జొనాథన్ లెవిట్, నికొలస్ క్రిస్టెన్‌ఫెల్డ్ అనే ఇద్దరు మనస్తత్వ పరిశోధకులు కొన్ని చిన్నకథలను కొందరిచేత మామూలుగా, ఇంకొందరిచేత ముగింపు ముందే చెప్పేసి చదివించారు. ముగింపు తెలిసి చదివినవాళ్లే కథలు ఎక్కువ నచ్చాయన్నారు. తర్వాత వేరేవాళ్లు చేసిన ప్రయోగాల్లో ఎదురు ఫలితాలూ వచ్చాయి కాబట్టి దీన్ని సూత్రంలా పట్టుకోనక్కర్లేదు. రొమాన్స్ పాఠకుల విషయంలో మాత్రం ప్రయోగశాల అవసరమే లేదు. రొమాన్స్ రైటర్స్ ఆఫ్ అమెరికా అనే రచయితల సంఘం ఈ తరహా నవలకు ఇచ్చిన నిర్వచనంలో ఉన్నవి రెండే షరతులు: ప్రేమకథ కేంద్రంలో ఉండాలి, ముగింపు మనసు నింపేదిగా, ఆశ కలిగించేదిగా ఉండాలి. అంటే ఇక్కడ ముగింపు గుట్టేమీ కాదు. పుస్తకం కొనేటప్పుడే ఇచ్చిపుచ్చుకున్న మాట అది.

'వీళ్లు కలుస్తారా' అన్న ప్రశ్న అలా ముందే తీరిపోతే మిగిలేవి ఎలా, ఎప్పుడు, ఏం వదులుకుని అన్నవి. భయం పోతుంది, ఊరింపు మిగులుతుంది. హంతకుడెవరో తెలియని నవలలో పాఠకుడు పేజీలు గబగబా తిప్పుతాడు, తెలుసుకుంటే తప్ప నెమ్మది ఉండదు. ప్రేమకథలో దీనికి పూర్తిగా తలకిందులు: అసలు సన్నివేశం దగ్గరపడేకొద్దీ చదివే వేగం తగ్గించుకునేవాళ్లు ఉంటారు. పుస్తకం మూసి, కాసేపు అటూ ఇటూ తిరిగి, మళ్లీ తెరుస్తారు. తమ సుఖాన్ని తామే వాయిదా వేసుకుంటారు.

ఈ వాయిదాకు విలువ కట్టడానికి ఆర్థికవేత్త జార్జ్ లోవెన్‌స్టైన్ 1987లో ఒక తమాషా ప్రశ్న వేశారు. మీకు నచ్చిన సినిమా తార ముద్దు పెడతారంటే ఎంత ఇస్తారు? ఇప్పుడే అయితే ఎంత, మూడు గంటల తర్వాత అయితే ఎంత, ఒక రోజు, మూడు రోజులు, ఏడాది, పదేళ్లు ఆగాలంటే ఎంత? సుఖం ఎంత ముందు దక్కితే అంత విలువ అన్నది మామూలు లెక్క. విద్యార్థుల జవాబులు ఆ లెక్కకు లొంగలేదు. అన్నిటికంటే ఎక్కువ ధర పలికింది మూడు రోజుల తర్వాతి ముద్దుకు. ఆ మూడు రోజుల ఊహలకు కూడా కలిపే వాళ్లు ధర కట్టారన్నమాట. పదేళ్ల తర్వాతి ముద్దుకు ఆ గిరాకీ లేదు. మూడు రోజుల ముద్దులో రెండు గుణాలున్నాయి, అవి ఈ వ్యాసానికి ముఖ్యం: అది తప్పకుండా దక్కుతుంది, దానికి గడువు ఉంది.

కోరుకోవడమూ ఆస్వాదించడమూ మెదడులో ఒకే పని కాదని, రెంటికీ వేర్వేరు యంత్రాంగాలున్నాయని కెంట్ బెరిడ్జ్ వంటి నాడీశాస్త్రవేత్తలు దశాబ్దాలుగా చెబుతూ వస్తున్నారు. సంగతి నిజమే. కానీ నచ్చిన ప్రతి అధ్యాయాన్నీ డోపమైన్ అనే మెదడు రసాయనం ఖాతాలో వేసేస్తే పుస్తకం గురించి ఏమీ చెప్పినట్టు కాదు. పేలవంగా రాసిన ఎదురుచూపు కూడా ఆ మెదడులోంచే కదా వెళ్లాలి.

మన అలంకారశాస్త్రం ఈ విషయంలో ఇంకా పనికొచ్చే మాట చెప్పింది. శృంగారాన్ని సంభోగం అంటే కలయిక, విప్రలంభం అంటే ఎడబాటు అని రెండుగా చీల్చి, విప్రలంభం లేనిదే సంభోగానికి పుష్టి రాదని, కషాయంలో నానిన బట్టకే రంగు బాగా పడుతుందని ఒక ప్రసిద్ధ శ్లోకం అంటుంది. విప్రలంభంలో మళ్లీ పూర్వానురాగం, మానం, ప్రవాసం, కరుణం అని విడదీశారు. కలవకముందు తహతహ, దగ్గరే ఉండి అలక, దూరదేశం, ఇక కలవలేమేమోనన్న దుఃఖం. నేటి ఫెయిరీ ప్రేమకథలను ఈ నాలుగు గళ్లలో పెట్టి చూస్తే ఒక సంగతి బయటపడుతుంది. వీటిలో ప్రవాసం తక్కువ. నాయికా నాయకులు ఎక్కువ భాగం ఒకే కోటలో, ఒకే గుర్రం మీద, వాన పడ్డ రాత్రి ఒకే గదిలో ఉంటారు. మూరెడు దూరంలో ఉండి చెయ్యి చాపకపోవడమే ఈ కథల విరహం. మానమూ పూర్వానురాగమూ కలిసిపోయిన ఈ రకం విప్రలంభాన్ని నడపడం, ఒకరిని సముద్రం దాటించి పంపేయడం కంటే చాలా కష్టం. చెయ్యి ఎందుకు చాపడం లేదో ప్రతి పేజీలోనూ నమ్మించాలి.

సరిగ్గా అక్కడే ఫెయిరీ లోకం అక్కరకొస్తుంది. మామూలు ప్రేమకథలో ఇద్దరు పెద్దవాళ్ల మధ్య అడ్డుగా నిలబడేవి ఇప్పుడు అంతగా లేవు. ఒక ఫోన్ కాల్‌తో తేలిపోయే అపార్థాన్ని రెండు వందల పేజీలు లాగితే పాఠకులు నవ్వుతారు. మాయాలోకంలో అడ్డంకి మనసులోని తికమక కాదు, చట్టం. షరతు, గడువు, శాపం, ఒప్పందం. షరతు ఏమిటో అందరికీ తెలుసు, తప్పితే ఏమవుతుందో కూడా తెలుసు. లోవెన్‌స్టైన్ విద్యార్థులకు మూడు రోజుల గడువు చేసిన పనిని ఇక్కడ మంత్రం చేస్తుంది: ఎదురుచూపుకు ఒక తేదీ, ఒక ధర ఇస్తుంది.

ఈ పద్ధతి ఎంత పాతదో చూడాలంటే వైదిక గ్రంథం శతపథ బ్రాహ్మణంలోని ఊర్వశీ పురూరవుల కథ చాలు. అప్సరస మనిషిని వరించింది, షరతులు పెట్టింది. వాటిలో ఒకటి: నువ్వు వివస్త్రంగా నా కంటబడకూడదు. కథ వింటున్నవాళ్లకు ఆ మాట చెవిన పడగానే తెలుస్తుంది, ఇది తప్పి తీరుతుందని. ఎప్పుడు, ఎలా అన్నదే మిగిలింది. ఆమె మంచానికి రెండు పొట్టేలు పిల్లలు కట్టి ఉంటాయి. గంధర్వులు రాత్రివేళ వాటిని ఎత్తుకుపోతారు. ఇక్కడ మగవాడే లేడా అన్నట్టు ఆమె వాపోతుంది. బట్ట చుట్టుకునే వ్యవధి కూడా తీసుకోకుండా పురూరవుడు దూకుతాడు. గంధర్వులు మెరుపు మెరిపిస్తారు. ఒక్క క్షణం పట్టపగలులా వెలుగు, ఆమె చూస్తుంది, మాయమవుతుంది. ఈ కథలో ప్రతి వస్తువూ ముందే అమర్చి ఉంది: షరతు, మంచం, పొట్టేలు పిల్లలు, చీకటి. మెరుపు ఒక్కటే కొత్తగా వచ్చింది. తర్వాత నీటిపక్షి రూపంలో సరస్సులో కనబడ్డ ఊర్వశి అతనికి ఇచ్చేది కూడా ఇంకో గడువే. నేటికి ఏడాది నిండే రాత్రి రా అంటుంది. క్రీస్తుశకం 2వ శతాబ్దంలో అపూలియస్ లాటిన్‌లో చెప్పిన సైకీ కథలోనూ ఇదే అమరిక. రాత్రి మాత్రమే వచ్చే భర్తను చూడకూడదు. దీపం పట్టుకుని ఆమె మంచం దగ్గరికి వెళ్లేసరికి దాని నూనె బొట్టు అతని మీద ఎక్కడ పడుతుందా అని చదివేవాళ్లే ఊపిరి బిగబడతారు.

స్కాట్లాండ్ జానపద గేయం టామ్ లిన్ ఇంకో అడుగు ముందుకు వేస్తుంది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ 19వ శతాబ్దం చివర్లో కూర్చిన 305 గేయాల సంకలనంలో ఇది 39వది. ఫెయిరీ రాణి చేతికి చిక్కిన యువకుడు టామ్ లిన్. ప్రతి ఏడేళ్లకూ ఫెయిరీలు నరకానికి కప్పం కట్టాలి, ఈసారి ఆ కప్పం తనే అవుతానేమోనని అతని భయం. అతన్ని విడిపించాల్సింది అతని బిడ్డను మోస్తున్న జానెట్. ఏం చెయ్యాలో అతనే చెబుతాడు: హాలోవీన్ అర్ధరాత్రి ఫెయిరీల ఊరేగింపు వస్తుంది, నల్లగుర్రాన్ని పోనివ్వు, గోధుమరంగు గుర్రాన్ని పోనివ్వు, పాలలాంటి తెల్లగుర్రం మీదివాణ్ని కిందికి లాగు. నీ చేతుల్లోనే నేను పామునవుతాను, ఎలుగుబంటినవుతాను, సింహాన్నవుతాను, ఎర్రగా కాలిన ఇనుమునవుతాను, వదలకు. చివరికి నిప్పుకణికనయ్యాక బావినీళ్లలో పడెయ్యి, నీ పచ్చని శాలువా కప్పు.

స్కాట్లాండ్ కవి రాబర్ట్ బర్న్స్ చేతి మీదుగా 18వ శతాబ్దం చివర్లో అచ్చయిన పాఠంలో అసలు విడ్డూరం ఈ తర్వాత ఉంది. ఆ రాత్రి రానే వస్తుంది. గుర్రాలు వెళ్తాయి, ఆమె లాగుతుంది. పాము, ఎలుగు, సింహం? వాటిని గేయం మళ్లీ వర్ణించదు. అతను చెప్పినదంతా బాగా గుర్తుపెట్టుకుంది, గెలుచుకుంది అని రెండు పాదాల్లో తేల్చేస్తుంది. కథలోకెల్లా పెద్ద సాహసం మొత్తం ముందస్తు సూచనల రూపంలోనే జరిగిపోయింది. విన్నవాళ్లు ఆ ఇనుమును తమ చేతుల్లో పట్టుకున్నది అది జరిగినప్పుడు కాదు, జరగబోతోందని విన్నప్పుడు. ఎదురుచూపు మీద ఇంతకంటే ధీమాగా పందెం కాసిన కథ అరుదు. నేటి నవలల్లో ఇదే పని శిక్షణ అధ్యాయాలు, పరీక్షకు ముందు రాత్రులు చేస్తుంటాయి. చాలావాటిలో అవి అసలు యుద్ధం కంటే బాగుంటాయి కూడా.

ఫెయిరీ చట్టాల్లో ప్రేమకథకు అన్నిటికంటే ఎక్కువ ఉపయోగపడినది, నేటి రచయితలు విరివిగా వాడుకుంటున్నది, వేరే ఉంది: ఫెయిరీలు అబద్ధం ఆడలేరు. నిజపేరు చెప్పకూడదు, వాళ్ల తిండి తినకూడదు, కృతజ్ఞత చెబితే రుణపడినట్టే వంటి నియమాలూ ఉన్నాయి గానీ అవి ఒకటి రెండు సన్నివేశాలకే సరిపోతాయి. అబద్ధం ఆడలేకపోవడం మాత్రం ప్రతి సంభాషణనూ ఊరింపుగా మార్చేస్తుంది. అబద్ధం రాదు, కానీ దాటవేయడం వచ్చు. సగం నిజం చెప్పడం, ఎదురు ప్రశ్న వేయడం, మాట మార్చడం వచ్చు.

ఒక సన్నివేశం ఊహించుకుందాం. బందీగా తెచ్చిన మనిషి పిల్లను ఫెయిరీ రాజు కొలువులో ఎవరో చంపబోతే అడ్డుపడ్డాడు. ఆమె అడుగుతుంది, "నన్నెందుకు కాపాడారు?" అతనంటాడు, "నా కొలువులో నెత్తురు చిందడం నాకు గిట్టదు." ఇది నిజమే అయి ఉండాలి, ఎందుకంటే అతను అబద్ధం ఆడలేడు. కానీ అడిగినదానికి జవాబు కాదు. పాఠకులు అక్కడే ప్లీడర్లయిపోతారు. గిట్టదు సరే, కానీ అదొక్కటే కారణమని అనలేదు కదా! వంద పేజీల తర్వాత ఆమె మళ్లీ అడుగుతుంది, "నేను వెళ్లిపోతే నీకు బాధగా ఉంటుందా?" అతను కిటికీ వైపు తిరిగి, "ద్వారపాలకులు నిన్ను ఆపరు," అంటాడు. ఉండదు అనలేదు. అనడానికి ఒక్క మాట చాలు, ఆ మాట అతని నోట రాలేదు. అతను చెప్పినదానికంటే చెప్పలేకపోయిందే ఆ గదిలో గట్టిగా వినబడింది. ఇంకో వంద పేజీలు పోయాక అదే ప్రశ్నకు అతను "ఉంటుంది" అంటే, ఆ ఒక్క మాట ముద్దు కంటే బరువుగా పడుతుంది. ఎందుకంటే ఈపాటికి పాఠకులు ముద్దు కోసం ఎదురుచూడటం మానేసి ఒక తిన్నని వాక్యం కోసం ఎదురుచూస్తున్నారు.

ఒకే ప్రశ్నను మళ్లీ మళ్లీ అడగడం అనే ఈ ఎత్తుగడను స్థిరపరిచినవాళ్లు 18వ శతాబ్దపు ఫ్రెంచి రచయిత్రులు. బ్యూటీ అండ్ ద బీస్ట్‌గా లోకానికి తెలిసిన కథను గాబ్రియెల్-సుజాన్ ద విల్‌నవ్ 1740లో పెద్ద నవలిక పొడవున రాసింది. జాన్-మరీ లెప్రాన్స్ ద బోమాన్ 1756లో దాన్ని బాగా కుదించి రాసింది, ఎక్కువమందికి చేరింది ఆ పాఠమే. అందులో శాపంవల్ల మృగంగా మారిన రాకుమారుడు తన కోటలో ఉంటున్న అమ్మాయి దగ్గరికి రోజూ రాత్రి భోజనాల వేళ వస్తాడు, మాట్లాడతాడు, వెళ్లేముందు నన్ను పెళ్లి చేసుకుంటావా అని అడుగుతాడు. ఆమె కాదంటుంది. అతను నిట్టూర్చి వెళ్లిపోతాడు. ఇలా మూడు నెలలు. ప్రశ్న మారదు, జవాబు మారదు, కాదనే మనిషి మారుతుంది. మొదటి రాత్రి ఆమె భయంతో కాదంది. పోనుపోను ఎప్పుడు తొమ్మిదవుతుందా అని గడియారం చూసుకుంటూ, అతను వచ్చాక బాధపడుతూనే కాదంటుంది.

ఈ అమరిక నిలబడటానికి ఒక్కటే కారణం: అతను ఆమె 'కాదు'ను మన్నిస్తాడు. కోట అతనిది, మంత్రబలం అతనిది, అయినా రోజూ ఆమె జవాబు విని వెనక్కి వెళ్తాడు. ఇది నీతికి సంబంధించిన విషయం మాత్రమే కాదు, కథ పనితనానికి సంబంధించింది కూడా. కాదనే వీలు లేని చోట ఔను కోసం ఎదురుచూడటానికి ఏముంటుంది? నాయకుడు మత్తుమందు లాంటి మంత్రంతో ఆమె మనసును లోబరచుకోగలడని చెప్పి, ఆ తర్వాత ఆమెకు కలిగిన కోరిక సొంతమో కాదో తేల్చకుండా వదిలేసే నవలలు చీకటిగా, సాహసంగా ఉన్నామనుకుంటాయి. నిజానికి అవి తమ ఉత్కంఠ తీగను తామే కోసుకున్నాయి.

తెగిపోయే ఇంకో చోటు విధి రాసిన జంట అన్న ఏర్పాటు. వీళ్లిద్దరి ఆత్మలూ పుట్టుకతోనే ముడిపడ్డాయి అని కథ మధ్యలో ప్రకటిస్తారు. దాన్ని ఇద్దరిలో ఒకరికే తెలిసిన రహస్యంగా పెడితే బ్రహ్మాండంగా పండుతుంది. తెలిసినవాడు ఎందుకు చెప్పడం లేదన్నదే కొత్త ఊరింపు అవుతుంది. మనసు మారడానికి బదులుగా పెడితే మాత్రం నూట యాభై పేజీల కష్టం వృథా. ఇక తలుపు చప్పుడు సంగతి వేరే చెప్పాలా! పెదవులు అంగుళం దూరంలో ఉండగా సైనికాధికారి పరుగున వచ్చి సరిహద్దులో దాడి జరిగిందంటాడు. ఒకసారి అయితే క్షమించవచ్చు. మూడోసారి కూడా అదే అధికారి వస్తే పాఠకులకు అతని మీద కాదు, రచయిత మీద కోపం వస్తుంది. అలాంటి ఆటంకం తర్వాత ఇద్దరూ అంతకుముందు ఎక్కడున్నారో అక్కడే ఉంటారు కాబట్టి అది కాలయాపన. మృగం ప్రశ్న తర్వాత ఏ రాత్రీ నిన్నటి రాత్రిలా ఉండదు. ఏ సన్నివేశాన్ని తీసేసినా తర్వాతి సన్నివేశం అర్థం మారకపోతే, దాన్ని తీసేసి ఉండాల్సింది.

కాలం విషయంలో ఫెయిరీ కథకు ఉన్న సౌలభ్యం మరే ప్రేమకథకూ లేదు. అతనికి చావు లేదు, ఆమెకు ఉంది. ఐర్లండ్ గాథలో ఒషీన్ అనే వీరుడు నిత్యయౌవన దేశంలో మూడేళ్లు గడిపాననుకుని తిరిగొస్తాడు. ఇక్కడ మూడు వందల ఏళ్లు గడిచిపోయాయి. గుర్రం మీంచి జారి నేల తాకగానే ముసలివాడైపోతాడు. ఇద్దరి గడియారాలు ఒక్కలా నడవని చోట ఎదురుచూపు కూడా ఇద్దరికీ ఒకటి కాదు. ఐదు వందల ఏళ్లు బతికినవాడు 'తొందరేముంది' అంటే అది ఆమెకు ఓర్పులా వినబడదు, నిర్లక్ష్యంలా వినబడుతుంది. అలాంటివాడు మొదటిసారి రోజులు లెక్కపెట్టడం మొదలుపెడితే, అతను ప్రేమలో పడ్డాడని వేరే చెప్పనక్కర్లేదు. ఈ అవకాశాన్ని చాలా నవలలు వాడుకోవు. వందల ఏళ్ల వయసు అతని భుజాల వెడల్పులా ఒక అలంకారంగా మిగిలిపోతుంది.

ముద్దు అయిపోయాక ఏం చెయ్యాలన్నది వరుస నవలల అసలు తలనొప్పి. మొదటి సంపుటంలో ఎదురుచూపు తీరిపోతుంది, ఇంకా రెండు సంపుటాలకు ఒప్పందం ఉంటుంది. 11వ శతాబ్దపు రాజు, అలంకారికుడు భోజుడు విప్రలంభంలోని నాలుగు రకాలకూ నాలుగు కలయికలను జతచేశాడు: తొలివలపు తర్వాతి కలయిక, అలక తీరాక కలయిక, ప్రవాసం నుంచి వచ్చాక కలయిక, చావు అంచు దాకా వెళ్లొచ్చాక కలయిక. నాలుగూ ఒకే రుచి కాదని అతని ఉద్దేశం. అలక తీరాక కలిసినవాళ్ల మధ్య అన్న మాటల గుర్తులు ఉంటాయి. చావు నుంచి తిరిగొచ్చినవాడి ముఖాన్ని ఆమె చేత్తో తడిమి చూసుకుంటుంది. ఈ తేడా పట్టుకున్నవాళ్లు రెండో సంపుటంలో మొదటి సంపుటపు బేరం తాలూకు బాకీని వసూలుకు తెస్తారు. అతన్ని విడిపించడానికి ఆమె వదులుకున్నదేదో ఇప్పుడు అక్కరకొస్తుంది, అది లేదు. పట్టుకోనివాళ్లు నాయకుడికి మతిమరుపు శాపం పెట్టి, తొలివలపునే మళ్లీ మొదటి పేజీ నుంచి నడిపిస్తారు. మార్కెట్లో రెండో రకమే ఎక్కువ.